కన్సోలు ఎక్కడ ఉండాలి? వ్యాపార సర్వర్లలో నియంత్రణ స్థానం మార్పుల చరిత్ర (1964–2012)

వ్యాససంగ్రహం

వ్యాపార సంస్థల సర్వర్లకు కన్సోలును ఎంచుకోవడం, ఉన్న కన్సోలును మార్చడం సాంకేతిక కరదీపికల్లో కొద్ది పుటల విషయంగా కనిపిస్తుంది. కానీ ఆ పుటలను కాలక్రమంలో చదివితే అవి యంత్రంపై అధికారం ఎవరి చేతిలో, ఏ స్థలంలో ఉండేదో తెలిపే ఆధారాలవుతాయి. ఐబీఎం సిస్టమ్/360 నుంచి ఏఎస్/400 సంతతి వరకు జరిగిన కన్సోలు మార్పులను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తొలినాళ్లలో స్థలమే అధికారమని, కన్సోలు నెట్‌వర్కులోకి చేరిన తరువాత ఆ స్థలానికి బదులుగా గుర్తింపు, సంకేతపదం, ధ్రువీకరణ అనే ఏర్పాట్లు చేయవలసి వచ్చిందని, అవి స్థలం ఇచ్చినంత భరోసాను పూర్తిగా ఇవ్వలేకపోయాయని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కన్సోలు, సిస్టమ్/360, ఏఎస్/400, ట్విన్యాక్స్, ఆపరేషన్స్ కన్సోల్, హెచ్ఎంసీ, సేవా ఉపకరణాలు.

1. ఉపోద్ఘాతం

‘కన్సోల్’ అన్నది కంప్యూటరు కోసం పుట్టిన మాట కాదు. వాస్తుశిల్పంలో గోడ నుంచి ముందుకు వచ్చి బరువును మోసే దిమ్మెకు, ఆ తరువాత చర్చిలో ఆర్గన్ వాద్యకారుడు కూర్చునే మీటల బల్లకు ఆ పేరు ఉండేది. ఈ రెండో అర్థమే కంప్యూటరు గదిలోకి వచ్చింది. గొట్టాలు ఎంత దూరం పరుచుకున్నా వాద్యకారుడు కూర్చునే చోటు ఒక్కటే. తొలితరం వ్యాపార కంప్యూటర్ల విషయంలోనూ అంతే. యంత్రం గది నిండా ఉన్నా దానితో మాట్లాడే పీఠం ఒక్కటే ఉండేది.

కన్సోలుకూ సాధారణ టెర్మినలుకూ గల భేదాన్ని మొదట స్పష్టం చేసుకోవాలి. నిర్వహణ వ్యవస్థ సక్రమంగా నడుస్తున్నప్పుడు మాత్రమే టెర్మినల్ పనిచేస్తుంది. నిర్వహణ వ్యవస్థ ఇంకా లేవనప్పుడు, లేవలేక పడిపోయినప్పుడు కూడా పనిచేయవలసింది కన్సోలు. అందువల్ల ఒక సంస్థలో వెయ్యి టెర్మినళ్లు చక్కగా ఉన్నా కన్సోలు పోతే ఆ సంస్థ సర్వర్ మరమ్మతుకు అందని వస్తువవుతుంది. కన్సోలు ఎంపికను తెర పరిమాణం, తంత్రి ఖరీదు వంటి సౌకర్యాల ప్రశ్నగా చూడలేకపోవడానికి ఇదే కారణం.

2. అచ్చుయంత్రం, అత్యవసర మీట

1964 ఏప్రిల్ 7న ఐబీఎం సిస్టమ్/360ను ప్రకటించింది. ఆ శ్రేణిలోని యంత్రాలకు ముందుభాగంలో దీపాలతో, మీటలతో నిండిన నియంత్రణ ఫలకం ఉండేది. దానితోపాటు ఆపరేటరుకు 1052 అనే అచ్చు మీటల పెట్టె ఉండేది. సెలెక్ట్రిక్ టైపురైటరులోని బంతి ఆకారపు అచ్చుముక్కే దానిలోనూ ఉంటుంది. వ్యవస్థ అడిగే ప్రశ్నలూ ఆపరేటరు ఇచ్చే జవాబులూ ఒకే కాగితపు చుట్టపై ఒకదాని కింద ఒకటి అచ్చయ్యేవి.

ఆ యంత్రాల నిర్మాణ సూత్రాలను వివరించే అధికారిక గ్రంథం నియంత్రణ ఫలకాన్ని మూడు భాగాలుగా విభజించింది: ఆపరేటరు నియంత్రణలు, ఆపరేటరు జోక్యానికి ఉపకరించేవి, మరమ్మతు ఇంజినీరుకు సంబంధించినవి. ఎవరి చేయి ఎంతవరకు వెళ్లవచ్చునో నిర్ణయించిన రేఖలివి. మొదటి భాగంలో యంత్రాన్ని ఏ పరికరం నుంచి లేపాలో నిర్ణయించే తిరుగుడు మీటలు, ‘లోడ్’ మీట, ‘ఇంటరప్ట్’ మీట, విద్యుత్తును తక్షణం తెంచే అత్యవసర లాగుడు మీట ఉండేవి. ఈ చివరిదాన్ని ఒకసారి లాగితే ఆపరేటరు దాన్ని తిరిగి యథాస్థితికి తేలేడు, ఇంజినీరు రావలసిందే. యంత్రాన్ని ఆపే హక్కు ఒకరిదిగా, ఆపినదాన్ని తిరిగి నిలిపే హక్కు మరొకరిదిగా పంచారన్నమాట.

1960ల చివరికి ఓఎస్/360లో బహుళ కన్సోళ్ల సదుపాయం వచ్చింది. టేపుల విభాగానికి సంబంధించిన సందేశాలు టేపుల దగ్గర ఉన్న కన్సోలుకు, డిస్కుల సందేశాలు డిస్కుల దగ్గరికి పంపడం సాధ్యమైంది. ప్రతి కన్సోలుకూ ఏ తరగతి ఆజ్ఞలను ఇచ్చే అధికారం ఉందో ముందే నిర్దేశించేవారు. అన్ని ఆజ్ఞలూ చెల్లేది ప్రధాన కన్సోలులో మాత్రమే. అధికారం ఇక్కడ మనిషికి కాక కుర్చీకి దక్కింది. ప్రధాన కన్సోలు ముందు ఎవరు కూర్చుంటే వారే ప్రధాన ఆపరేటరు.

ఆ కన్సోలే చెడిపోతే? అప్పుడు నియంత్రణ ఫలకంపై ఉన్న ‘ఇంటరప్ట్’ మీటను నొక్కాలి. వ్యవస్థ దాన్ని బయటి నుంచి వచ్చిన సంకేతంగా గుర్తించి, ముందే ప్రత్యామ్నాయంగా పేర్కొన్న కన్సోలుకు ప్రధాన స్థానాన్ని బదలాయిస్తుంది. కన్సోలును మార్చమన్న ఆజ్ఞను ఇవ్వడానికి కన్సోలు లేనప్పుడు ఆ ఆజ్ఞ మరో దారిన రావాలి. ఆ మరో దారి యంత్రపు లోహశరీరానికే అతికి ఉండేది. ఈ వ్యాసంలో తరువాత చర్చించే సమస్యలన్నిటికీ మూలరూపం ఈ ఒక్క మీటలో ఉంది.

1970లో ప్రకటించిన సిస్టమ్/370తో తెర కన్సోళ్లు వచ్చాయి. మోడల్ 165కు 3066 కన్సోలు అలాంటిదే. తెర వేగంగా చూపుతుంది, కానీ చూపినదాన్ని దాచుకోదు. 1052లో ఆపరేటరు ఏం చేశాడన్నదానికి కాగితమే సాక్ష్యం. తెరతో ఆ సాక్ష్యం పోయింది. అందుకే తెర కన్సోలు ఉన్న వ్యవస్థల్లో కాగితపు నకలునో, దానికి సమానమైన నమోదునో తప్పనిసరి చేశారు. ఒక పరికరం సహజంగా చేసిన పనిని దాని స్థానంలో వచ్చిన పరికరం కోసం నియమంగా రాసుకోవలసి రావడం కన్సోళ్ల చరిత్రలో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

3. యంత్రాన్ని లేపే యంత్రం

1977 అక్టోబరులో డిజిటల్ ఈక్విప్‌మెంట్ కార్పొరేషన్ వ్యాక్స్-11/780ను ప్రకటించింది. దాని కన్సోలు దీపాల ఫలకం కాదు. ఎల్ఎస్ఐ-11 అనే చిన్న కంప్యూటరు, దానికొక ఫ్లాపీ డిస్కు, ఎల్ఏ36 అచ్చు టెర్మినల్ కలిసి కన్సోలు అయ్యాయి. పెద్ద యంత్రం లేవడానికి ముందు చిన్న యంత్రం లేచి, ఫ్లాపీ నుంచి చదివి, పెద్దదాన్ని సిద్ధం చేస్తుంది. ముందుభాగంలోని తాళపు మీటలో స్థానిక స్థితితోపాటు దూరస్థితి కూడా ఉండేది. దూరస్థితిలో పెడితే టెలిఫోను తంత్రి ద్వారా సంస్థ ఇంజినీర్లు లోపనిర్ధారణ చేయగలిగేవారు. దూరపు మనిషికి తలుపు తెరవాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం యంత్రం దగ్గర తాళంచెవి తిప్పేవారిదే. కన్సోలును దూరానికి ఇచ్చి, అనుమతిని దగ్గరే ఉంచుకున్న ఈ ఏర్పాటులోని వివేకం తరువాతి రూపకల్పనలన్నిటిలోనూ నిలవలేదు.

4. సున్నా పోర్టు, సున్నా చిరునామా

ఐబీఎం ఏఎస్/400ను 1988 జూన్ 21న ప్రకటించింది. సిస్టమ్/36, సిస్టమ్/38 వాడుతున్న మధ్యతరగతి సంస్థలు దీని ప్రధాన కొనుగోలుదారులు. బ్యాంకు శాఖ, టోకు వ్యాపారి, బీమా కార్యాలయం వంటి చోట్ల ప్రత్యేక ఆపరేటర్ల బృందం ఉండదు. లెక్కలు చూసే ఉద్యోగే ఉదయం వచ్చి యంత్రాన్ని చూసుకుంటాడు. అందువల్ల కన్సోలు సాధారణ టెర్మినల్ వలెనే ఉండాలి.

ఉండడం కూడా అలాగే ఉంది. 5250 కుటుంబానికి చెందిన తెరలు ట్విన్యాక్స్ అనే జంటతీగల తంత్రితో నియంత్రికకు కలిసేవి. ఒక తంత్రిపై 0 నుంచి 6 వరకు ఏడు చిరునామాలు, దాదాపు 1,500 మీటర్ల గరిష్ఠ పొడవు, సెకనుకు ఒక మెగాబిట్ వేగం. వీటిలో మొదటి నియంత్రిక సున్నా పోర్టులో సున్నా చిరునామాతో ఉన్న తెర కన్సోలు. అదే నమూనా తెర, అదే మీటలబల్ల. భేదం తంత్రి ఎక్కడ తగిలించారన్నదానిలోనే ఉంది. కన్సోలు పేరును తెలిపే క్యూకన్సోల్ అనే వ్యవస్థా విలువను చూడవచ్చు గానీ వాడుకరి మార్చలేడు. పేరు మారాలంటే తంత్రిగానీ అమరికగానీ మారాలి.

స్థలమే అధికారమన్న సూత్రానికి అత్యంత స్పష్టమైన ఉదాహరణ భద్రతాధికారి ఖాతా క్యూసెకాఫర్‌ది. తప్పుడు సంకేతపదాలు పదేపదే ఇవ్వడం వల్ల ఆ ఖాతా నిలిపివేతకు గురైనా, సరైన సంకేతపదంతో కన్సోలు నుంచి ప్రవేశించవచ్చు. మిగతా తెరలన్నిటిలో మూసుకున్న తలుపు ఆ ఒక్క తెర ముందు తెరుచుకుంటుంది. యంత్రగదిలోకి రాగలిగిన మనిషిని నమ్మాలని రూపకర్తలు నిర్ణయించుకున్నారు. ఆ నమ్మకానికి మరో పట్టు ముందు ఫలకంలోని తాళం. మాన్యువల్, నార్మల్, ఆటో, సెక్యూర్ అని దానికి నాలుగు స్థానాలు. చెవిని సెక్యూర్‌లో పెట్టి జేబులో వేసుకుంటే ఫలకం నుంచి యంత్రాన్ని ఆపడం, లేపడం కుదరదు.

5. ఒకదాన్నొకటి కాచే రెండు సంకేతపదాలు

ఏఎస్/400లో నిర్వహణ వ్యవస్థకు దిగువన అంకిత సేవా ఉపకరణాలనే మరో పొర ఉంటుంది. డిస్కు అమరిక, వ్యవస్థ పునఃస్థాపన, కన్సోలు రకం ఎంపిక వంటివి అక్కడి పనులు. ఆ పొరకు వేరే వాడుకరుల జాబితా ఉంది. 11111111, 22222222, క్యూసెకాఫర్, క్యూఎస్ఆర్‌వీ అనే గుర్తింపులు అందులో ముందే ఉంటాయి. పై పొరలోని క్యూసెకాఫర్‌కూ కింది పొరలోని క్యూసెకాఫర్‌కూ పేరు ఒకటే, సంకేతపదాలు వేరు. కొత్తగా వచ్చిన నిర్వాహకులు మొదట తడబడేది ఇక్కడే.

ఈ రెండిటి మధ్య సంబంధం ఆసక్తికరం. పై పొర సంకేతపదం పోతే కింది పొర నుంచి దాన్ని తొలి విలువకు తేవచ్చు. కింది పొరది పోతే పై పొర భద్రతాధికారి ఒక ఆజ్ఞతో దాన్ని సరిచేయవచ్చు. రెండూ పోతే వ్యవస్థను మళ్లీ స్థాపించుకోవలసి రావచ్చు. ఒకే ఇంటికి రెండు చెవులు, ప్రతి చెవీ రెండోదాని పెట్టెను తెరిచేదే. కన్సోలు యంత్రగదిలో ఉన్నంతకాలం ఈ అమరిక సరిపోయింది. కింది పొర గుర్తింపుల్లో కొన్నిటికి తొలి సంకేతపదం ఆ గుర్తింపే కావడం, అది కరదీపికల్లో బహిరంగంగా ఉండడం కూడా అప్పట్లో పెద్ద ప్రమాదంగా తోచలేదు. వాటిని కొట్టాలంటే ముందు ఆ గదిలోకి రావాలి కదా!

6. ఎంపిక మొదలైన కాలం

1990ల రెండో భాగానికి కార్యాలయాల్లో ప్రతి బల్లపైనా పర్సనల్ కంప్యూటరు చేరింది. ట్విన్యాక్స్ తెర కన్సోలు కోసం మాత్రమే మిగిలిన వస్తువైంది. 1998లో వీ4ఆర్3 విడుదలతో ఆపరేషన్స్ కన్సోల్ వచ్చింది. విండోస్ కంప్యూటరును ప్రత్యేక తంత్రితో సర్వరుకు నేరుగా కలిపి కన్సోలుగా వాడుకోవచ్చు. ముందు ఫలకాన్ని కూడా చిత్రరూపంలో తెరపై చూపే మరో తంత్రి ఉండేది. 2001లో వీ5ఆర్1తో లోకల్ నెట్‌వర్కు ద్వారా కన్సోలు సాధ్యమైంది. 2004లో పవర్5 ఆధారిత ఐ5 సర్వర్లతో హార్డ్‌వేర్ మేనేజ్‌మెంట్ కన్సోల్, అంటే హెచ్ఎంసీ, ఈ శ్రేణిలోకి ప్రవేశించింది. అప్పటికి సేవా ఉపకరణాల పొరలో కన్సోలు రకానికి నాలుగు విలువలు స్థిరపడ్డాయి: 1 అంటే ట్విన్యాక్స్, 2 నేరుగా కలిపిన ఆపరేషన్స్ కన్సోల్, 3 నెట్‌వర్కు ఆపరేషన్స్ కన్సోల్, 4 హెచ్ఎంసీ.

పైకి ఇది నాలుగు పరికరాల జాబితా. నిజానికి నాలుగు రకాల నమ్మకాల జాబితా. ఒకటో రకంలో నమ్మకం తంత్రి మీద. రెండోదానిలో తంత్రి మీదా, దాని చివర ఉన్న విండోస్ కంప్యూటరు మీదా. మూడోదానిలో తంత్రి అర్థం కోల్పోయింది. నెట్‌వర్కులో ఎవరైనా ఎక్కడి నుంచైనా తలుపు తట్టవచ్చు. ఈ లోటును పూడ్చడానికి రూపకర్తలు చేసిన ప్రయత్నం ప్రత్యేకంగా చెప్పుకోదగినది. వాడుకరి గుర్తింపుతోపాటు పరికరానికే ఒక గుర్తింపు కల్పించారు. దాని సంకేతపదం మనిషికి తెలియదు. ప్రతి విజయవంతమైన అనుసంధానంలోనూ అది మారుతుంది, మారిన విలువ సర్వరులోనూ ఆ కంప్యూటరులోనూ భద్రమవుతుంది. ‘సున్నా పోర్టులో ఉన్న తెర’ అన్నదానికి బదులు ‘నిన్న మాట్లాడిన కంప్యూటరే’ అన్నది కన్సోలుకు లక్షణమైంది. పోయిన స్థలాన్ని గణితంతో తిరిగి కట్టే ప్రయత్నమిది.

కట్టడం బాగానే ఉంది, కూలే తీరు మాత్రం కొత్తది. ఆ కంప్యూటరు చెడిపోయి పాత నకలు నుంచి తిరిగి తెచ్చుకుంటే, దానిలోని విలువ సర్వరులోని విలువకు వెనుకబడుతుంది. సర్వర్ దాన్ని అపరిచితుడిగా భావించి తిరస్కరిస్తుంది. రెండిటినీ తిరిగి సమం చేయడానికి సేవా ఉపకరణాల పొరలోకి వెళ్లాలి. అక్కడికి వెళ్లే ప్రధాన మార్గం కన్సోలే. అందుకే రెండో కంప్యూటరును మరో పరికర గుర్తింపుతో సిద్ధంగా ఉంచుకోవడం మంచి నిర్వహణ పద్ధతిగా స్థిరపడింది. ట్విన్యాక్స్ కాలంలో ఈ సమస్యే లేదు. తెర చెడితే అదే చిరునామాతో మరో తెరను తగిలిస్తే సరిపోయేది.

నాలుగోదైన హెచ్ఎంసీ తీరు వేరు. అది లినక్స్ ఆధారంగా పనిచేసే ప్రత్యేక కంప్యూటరు. ఒకే సర్వరును అనేక విభాగాలుగా చేసి, ఒక్కో విభాగానికి ఒక్కో నిర్వహణ వ్యవస్థను పెట్టే పద్ధతి బలపడిన తరువాత, విభాగాలకు పైనుండే యజమాని ఒకరు అవసరమయ్యారు. ఆ యజమాని దగ్గరే ప్రతి విభాగానికీ కన్సోలు తెర దొరుకుతుంది. దూరం నుంచి 5250 రూపంలో ఆ తెరను పొందడానికి 2300, గూఢలేఖనంతో అయితే 2301 పోర్టు సంఖ్యలు కేటాయించారు. ఏఎస్/400లో సున్నా పోర్టు గోడకున్న రంధ్రం, ఇక్కడ పోర్టు ఒక సంఖ్య మాత్రమే. హెచ్ఎంసీ తొలి నిర్వాహక ఖాతా పేరూ సంకేతపదమూ కూడా కరదీపికలలో అచ్చయినవే. పాత అలవాటు కొత్త చోటికి యథాతథంగా వచ్చింది. ఈసారి దాని చుట్టూ గది గోడలు లేవు.

7. కన్సోలు లేకుండా కన్సోలును మార్చడం

సర్వరును కొత్త నమూనాకు మార్చేటప్పుడు, పాత ట్విన్యాక్స్ కార్డు కొత్త పెట్టెలో ఇమడనప్పుడు సంస్థలు కన్సోలు రకాన్ని మార్చుకోవలసి వచ్చేది. క్రమం తప్పితే ఫలితం తీవ్రంగా ఉండేది. పాత కన్సోలు బతికి ఉండగానే సేవా ఉపకరణాల పొరలోకి వెళ్లి కొత్త రకాన్ని ఎంచి, కొత్తది పనిచేస్తున్నదని చూసి, ఆ తరువాతే పాతదాన్ని తీయాలి. విభాగాలున్న సర్వరులో ఏ అడాప్టరు కన్సోలుకు ఆధారమో విభాగపు నిర్వచనంలోనూ గుర్తించాలి. కార్డును ముందు తీసేసి రకాన్ని తరువాత మార్చుదామనుకున్న చోట యంత్రం లేస్తూ లేస్తూ మధ్యలో ఆగి, ముందు ఫలకంపై ఏ6005008 వంటి సంకేతాన్ని చూపేది. కన్సోలు కనబడలేదని దాని అర్థం. దత్తాంశమంతా క్షేమం, ప్రాసెసరు క్షేమం, వ్యాపారం మాత్రం నిలిచిపోయింది.

ఇటువంటి స్థితి కోసం 2000ల మధ్యకాలంలో ముందు ఫలకం నుంచే జరిపే కన్సోలు సేవా ప్రక్రియ వచ్చింది. ఫలకంపై 65, వెంటనే 21 సంఖ్యలు గల క్రియలను నడిపి, 11తో సంకేతాన్ని చదువుతూ, కన్సోలు రకాన్ని ఒక్కో మెట్టుగా మార్చుకోవచ్చు. తెరా మీటలబల్లా లేని ఆపరేటరు, నాలుగు మీటలూ చిన్న అక్షరాల గవాక్షమూ ఆధారంగా యంత్రానికి కొత్త కన్సోలును చెబుతాడు. ఇది సిస్టమ్/360 నాటి ‘ఇంటరప్ట్’ మీటకు నేరుగా వారసురాలు. మధ్యలో నలభై ఏళ్లు గడిచినా సమస్య మారలేదు, పరిష్కారం ఉండే చోటూ మారలేదు: యంత్రపు శరీరం మీద, చేతికి అందేంత దూరంలో.

2012 తరువాత ఐబీఎం ఐ యాక్సెస్ క్లయింట్ సొల్యూషన్స్ వచ్చి పాత ఆపరేషన్స్ కన్సోల్ స్థానాన్ని క్రమంగా ఆక్రమించింది. జావాలో రాసినది కనుక విండోస్‌పై ఆధారపడవలసిన అవసరం తప్పింది. నెట్‌వర్కు కన్సోలుతోపాటు అందులో మిథ్యా నియంత్రణ ఫలకం కూడా ఉంది. సౌకర్యంగా ఇది పెద్ద మెరుగుదల. అయితే అత్యవసరంలో వాడవలసిన ఫలకం కూడా అదే నెట్‌వర్కు మీద వస్తే, నెట్‌వర్కే పోయిన రోజున ప్రధానమార్గమూ ప్రత్యామ్నాయమూ ఒకేసారి పోతాయి. రెండిటినీ ఒకే సౌకర్యంలో చూసే నిర్వాహకునికి అవి రెండు వేర్వేరు మార్గాలన్న భ్రమ కలగడం సహజం.

8. గది నుంచి దూరనగరానికి

ఈ మార్పు ఒక్క ఐబీఎంకే పరిమితం కాలేదు. సాధారణ ఇంటెల్ సర్వర్లలో బోర్డుమీది చిన్న నిర్వహణ నియంత్రికతో మాట్లాడే ఐపీఎంఐ ప్రమాణాన్ని 1998లో ఇంటెల్, హ్యూలెట్ ప్యాకర్డ్, డెల్, ఎన్ఈసీ కలిసి ప్రకటించాయి. 2004లో వచ్చిన 2.0 రూపంతో సీరియల్ కన్సోలును నెట్‌వర్కు మీదుగా తెచ్చుకోవడం ప్రమాణంలో భాగమైంది. 2013లో భద్రతా పరిశోధకుడు డాన్ ఫార్మర్ ఈ ప్రమాణంలోని లోపాలను విస్తారంగా బయటపెట్టాడు. ఒక ఎంపికలో ఏ సంకేతపదాన్నైనా అంగీకరించే దారి ఉంది. వాడుకరిని ధ్రువీకరించకముందే సర్వర్ అతని సంకేతపదపు హాష్‌ను అడిగినవారికి పంపే పద్ధతి కూడా ప్రమాణంలోనే ఉంది. రెండోది ఏ ఒక్క తయారీదారు చేసిన పొరపాటూ కాదు, ప్రమాణాన్ని తు.చ. తప్పకుండా అమలుచేస్తే వచ్చే ఫలితం. యంత్రగది తలుపు చేసిన పనిని కాగితం మీద రాసేటప్పుడు ఆ తలుపు ఏమేమి చేసేదో పూర్తిగా లెక్కకు రాలేదు.

తెలుగు ప్రాంతానికి ఈ చరిత్రతో సంబంధం కొంత ఆలస్యంగా, మరో కోణంలో ఏర్పడింది. విదేశీ మారక నియంత్రణ చట్టం నేపథ్యంలో ఐబీఎం 1978లో భారతదేశం నుంచి నిష్క్రమించి, 1992లో టాటాలతో ఉమ్మడి సంస్థగా తిరిగివచ్చింది. ఏఎస్/400 ప్రకటన ఈ విరామంలోనే జరిగింది. 2000 సంవత్సర సమస్య నాటికి హైదరాబాదులోని ప్రోగ్రామర్లు సముద్రాల అవతలి మెయిన్‌ఫ్రేములపై, ఏఎస్/400లపై పనిచేస్తున్నారు. కానీ వారి ముందున్నది టెర్మినల్ అనుకరణ మాత్రమే. కన్సోలు అవతలి గదిలోనే, అవతలి ఆపరేటరు ముందే ఉండేది. ప్రోగ్రాము రాసే పని ముందుగా సముద్రం దాటింది, యంత్రాన్ని లేపే పని ఆ తరువాతే దాటగలిగింది. నెట్‌వర్కు కన్సోలూ హెచ్ఎంసీ వంటివీ లేకపోతే నేడు హైదరాబాదు నుంచి రాత్రి పాళీల్లో సాగే సర్వర్ నిర్వహణ సేవలకు సాంకేతిక పునాదే లేదు.

అయినా అవతలి గది పూర్తిగా ఖాళీ కాలేదు. దూరపు కన్సోలు స్పందించనప్పుడు డేటా కేంద్రంలో ఉన్న ఒక ఉద్యోగికి ఫోను వెళుతుంది. ఏ వరుసలో, ఏ ర్యాకులో, ఏ పెట్టె ముందు నిలబడాలో, ఏ మీటను ఎన్నిసార్లు నొక్కి ఫలకంపై కనబడే అక్షరాలను ఎలా చదివి వినిపించాలో ఇక్కడివారు చెబుతారు, అతడు చేస్తాడు. అతనికి ఆ సర్వరులో ఖాతా లేదు, సంకేతపదం లేదు. డేటా కేంద్రాలు ఈ సేవకు గంటల లెక్కన రుసుము వసూలు చేస్తాయి. బిల్లులో దాని పేరు ‘రిమోట్ హ్యాండ్స్’.